జీపు దిగి ఆఫ్రికా చూడాలంటే: మోటారు పడవా, దోనా, కాలినడకా?

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్లకు మసాయి మారానే గుర్తొస్తుంది. పైకప్పు లేపిన వ్యాను, చుట్టూ మరో పది వ్యాన్లు, మధ్యలో నిద్రపోతున్న సింహం. అదీ చూడదగ్గదే, కాదనం. అయితే అదే అడవిని నీటి మట్టం నుంచి, నేలమీద నుంచి చూసే దారులు వేరే ఉన్నాయి. అవి ఎక్కువగా జాంబియా, జింబాబ్వే, బోట్స్వానాల్లో దొరుకుతాయి. కొంతవరకు టాంజానియా, ఉగాండా, దక్షిణాఫ్రికాల్లోనూ ఉన్నాయి.

ట్రావెల్ ఏజెంటు మొదట "ఏ దేశం వెళ్తారండీ?" అని అడుగుతాడు. నిజానికి అది ఆఖర్న తేల్చాల్సిన సంగతి. ముందు రెండు విషయాలు చూసుకోండి. మీ మోకాళ్లు, నడుము, ధైర్యం దేనికి ఒప్పుకుంటాయి? మీకు సెలవు ఏ నెలలో దొరుకుతుంది? ఈ రెండూ తేలితే దేశం దానంతట అదే తేలిపోతుంది. వరస తిప్పేస్తేనే చిక్కు. బోట్స్వానాలోని ఒకావాంగో డెల్టా పేరు విని నవంబరు ప్రయాణానికి టికెట్లు కొనేసి, తీరా వెళ్లాక దోనె నడవడానికి నీళ్లు లేవని తెలుసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మోటారు పడవ

దీన్ని "పెద్దవాళ్ల సఫారీ" అని తీసిపారేస్తుంటారు. ఫొటోలు తీసేవాళ్లు మాత్రం ఆ మాట అనరు. బోట్స్వానా ఉత్తరపు కొసన, కసానే ఊరి దగ్గర చోబే నది దీనికి అసలు చోటు. మే నుంచి వానలు ఉండవు, అడవి లోపలి నీటిగుంటలు ఒక్కొక్కటే ఎండుతూ వస్తాయి. ఆగస్టు నాటికి ఏనుగులకు నది తప్ప దిక్కు ఉండదు. మధ్యాహ్నం మూడు దాటాక గుంపులుగా ఒడ్డుకు దిగుతాయి. తాగి, బురద చల్లుకుని, కొన్ని నది మధ్యలోని సెడుడు దీవికి ఈదుకుంటూ పోతాయి. అప్పుడు తొండం కొస, నెత్తి మాత్రమే పైకి కనిపిస్తాయి. ఆ దీవి మాదంటే మాదని బోట్స్వానా, నమీబియా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లాయి. 1999లో అది బోట్స్వానాకు దక్కింది. ఏనుగులు మాత్రం ఇప్పటికీ ఏ వీసా లేకుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

పడవలో ఉన్న లాభం ఏమిటంటే, కెమెరా జంతువు కంటి మట్టంలో ఉంటుంది. జీపు మీద నుంచి తీస్తే అన్నీ పైనుంచి కిందకు చూసినట్టు వస్తాయి. ఇంజను ఆపేసి ఒడ్డుకు ఆనిస్తే మొసలి పళ్లు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా కనిపిస్తుంది.

తేడా అంతా పడవ సైజులోనే. రెండంతస్తుల పెద్ద పడవలు చవక. వాటిలో ఒకవైపు ఏనుగు కనిపించిందంటే అందరూ అటే పరుగెడతారు, వెనక ఉన్నవాళ్లకు వీపులే కనిపిస్తాయి. పైగా అవి లోతు తక్కువ ఉన్న చోటికి పోలేవు. ఎనిమిది, పది మంది పట్టే చిన్న అల్యూమినియం పడవ అడగండి. తిరిగే కుర్చీలు, లెన్సు బిగించే స్టాండ్లు ఉన్న ఫొటో పడవలు కూడా కసానేలో దొరుకుతాయి. ఖరీదు ఎక్కువే. అయినా 400 మి.మీ. లెన్సు మోసుకెళ్లేవాళ్లకు ఆ డబ్బు వృథా కాదు.

విక్టోరియా జలపాతం నుంచి కసానే సుమారు 80 కిలోమీటర్లు. చాలామంది పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ప్యాకేజీ తీసుకుంటారు. సరిహద్దులో క్యూ, దారి పోగా మిగిలే పడవ ప్రయాణం తరచు మిట్టమధ్యాహ్నం పడుతుంది. అది వెలుతురూ బాగోని, ఏనుగులూ రాని సమయం. కసానేలోనే రెండు రాత్రులు ఉండి రెండు సాయంత్రాలు పడవలో, ఒక ఉదయం జీపులో తిరిగితే బాగుంటుంది. ఇంకో మాట. విక్టోరియా జలపాతం దగ్గర అమ్మే "సన్‌సెట్ క్రూజ్" చాలావరకు డ్రింకుల పడవే. హిప్పో కనిపిస్తే కనిపిస్తుంది. దాన్ని సఫారీ లెక్కలో వేసుకోకండి.

ఉగాండాలో కజింగా కాలువ, మర్చిసన్ జలపాతం కూడా ఈ తరహావే. మర్చిసన్‌లో నైలు నది ఏడు మీటర్ల ఇరుకు సందులోంచి దూకుతుంది. పారా రేవు నుంచి పడవ ఆ జలపాతం అడుగు దాకా తీసుకెళ్తుంది. ఓపిక ఉన్నవాళ్లు అక్కడ దిగి గుట్ట ఎక్కి పైకి చేరొచ్చు. టాంజానియాలో రూఫిజీ నది మీద, 2019లో సెలూస్ నుంచి విడదీసి ఏర్పరచిన న్యెరెరే జాతీయ పార్కులో, పడవ, నడక, జీపు మూడూ ఒకేచోట దొరుకుతాయి. దార్ ఎస్ సలామ్ నుంచి చిన్న విమానంలో గంటలోపు ప్రయాణం.

మొకోరో

కొల్లేటి లంకల్లో తాటిదోనె చూసినవాళ్లకు మొకోరో గురించి వేరే చెప్పక్కర్లేదు. వెనక ఒక మనిషి నిలబడి పొడవాటి గెడతో నేలను తోస్తూ నడుపుతాడు, ముందు ఇద్దరు కూర్చుంటారు. ఒకప్పుడు పెద్ద చెట్టు మొద్దు తొలిచి చేసేవారు. చెట్లు మిగలాలని ఇప్పుడు చాలావరకు ఫైబర్‌గ్లాసువే వాడుతున్నారు. నడిచేది ఒకావాంగో డెల్టాలో, రెల్లు, కలువల మధ్య మీటరు లోతుకు అటూ ఇటూగా ఉండే కాలువల్లో. డెల్టాకు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆ జాబితాలో అది వెయ్యో చోటు.

ఇక్కడ పెద్ద జంతువుల మీద ఆశ పెట్టుకోవద్దు. నీటి అంచున ఒంటరి ఏనుగో, దూరంగా లెచ్వే జింకలో కనిపించవచ్చు. మొకోరో ఎక్కేది చిన్నవాటి కోసం. రెల్లు కాడను పట్టుకున్న చిన్న చారల కప్ప, కలువాకుల మీద పరుగెత్తే జకానా పిట్ట, మలకైట్ కింగ్‌ఫిషర్. ఇంజను లేదు కాబట్టి గెడ నీట్లో పడే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పిట్టలంటే ఇష్టం లేనివాళ్లకు రెండో రోజుకే విసుగొస్తుంది. మొకోరోకు ఒక రోజు, మహా అయితే రెండు చాలు.

శరీరం సంగతి. దోనె అడుగున దాదాపు నేలమీద కూర్చున్నట్టు కాళ్లు చాపుకుని రెండు మూడు గంటలు ఉండాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు కష్టం. వీపుకు ఆనించే కుర్చీ లాంటిది కొన్ని క్యాంపులు ఇస్తాయి, అడగండి. అంచులు నీటికి జానెడు ఎత్తులోనే ఉంటాయి. మధ్యలో పక్కకు వంగితే నీళ్లు లోపలికొస్తాయి. ఫోను, కెమెరా జిప్ కవర్లో పెట్టుకోండి. పూర్తిగా కూర్చున్నాక గెడవాడు చెప్పేదాకా లేవకూడదు.

మౌన్ ఊరి నుంచి వెళ్లే చవక మొకోరో యాత్రలు స్థానిక సంఘాల చేతిలో ఉంటాయి. డబ్బు ఊళ్లకే చేరుతుంది, అది మంచిదే. కానీ దీవుల మీద దిగి నడిపించేది ఆ గెడవాడే, అతని దగ్గర తుపాకి ఉండదు. వాళ్లకు నేల బాగా తెలుసు, కొద్ది దూరమే తిప్పుతారు. అయినా దాన్ని కింద చెప్పబోయే జాంబియా నడకతో సమానంగా చూడొద్దు. పిల్లలతో వెళ్తుంటే ఆ నడక మానుకోవడమే నయం.

కానో

మొకోరో వేరు, కానో వేరు. బ్రోషర్లలో రెండింటినీ కలిపేస్తుంటారు. కానోలో తెడ్డు మీ చేతిలోనే ఉంటుంది. నది పెద్దది, ప్రవాహం ఉంటుంది, హిప్పోలు లెక్కలేనన్ని. చోటు దిగువ జాంబెజీ నది, కరీబా డ్యాముకు దిగువన. ఉత్తరపు ఒడ్డున జాంబియా పార్కు, దక్షిణపు ఒడ్డున జింబాబ్వేలోని మానా పూల్స్. విక్టోరియా జలపాతానికి ఎగువన కూడా కానో యాత్రలు అమ్ముతారు. అదీ బాగుంటుంది, కానీ అది వేరే భాగం. బుక్ చేసేటప్పుడు "దిగువా, ఎగువా?" అని అడిగి రాయించుకోండి.

ఒక్కో కానోలో ఇద్దరు, ముందు గైడు కానో, వెనక మిగిలినవి బారుగా. ఇక్కడ భయపడాల్సింది మొసలికంటే ముందు హిప్పోకు. అది ఐదు నిమిషాల దాకా నీట మునిగి ఉండగలదు, పైనుంచి కనిపించదు. అందుకే గైడు తెడ్డు పిడితో కానో పక్కను టక్‌టక్‌మని కొడుతూ పోతాడు. ఆ చప్పుడుకు హిప్పోలు తల పైకెత్తి ఎక్కడున్నాయో చూపిస్తాయి. బెదిరిన హిప్పో లోతుకు పారిపోతుంది. దానికీ లోతుకూ మధ్య మనం ఉంటే దారి మన మీదుగానే. కాబట్టి నదిలో హిప్పోలుంటే కానోలు లోతు తక్కువ ఉన్న ఒడ్డు వెంట పోవాలి. ఇందులోనూ మెలిక ఉంది. హిప్పో గడ్డి మేస్తూ ఒడ్డు మీదే ఉంటే అది నీటిలోకి దూకేది ఆ ఒడ్డు వైపుకే. మంచి గైడు కళ్లు నీటి మీద ఎంతసేపు ఉంటాయో, ఒడ్డు మీద గడ్డిలోనూ అంతసేపు ఉంటాయి. గైడు వెళ్లిన దారిలోనే, అంతే దూరంలో వెళ్లండి. ఫొటో కోసం వెనకబడటమే ఇక్కడ చేయకూడని పెద్ద తప్పు. చేతులు, కాళ్లు నీళ్లలో పెట్టకూడదు, లైఫ్ జాకెట్ విప్పకూడదు.

ప్రవాహం వెంటే పోతాం కాబట్టి తెడ్డు వేయడం కష్టం కాదు, గాలి లేనంతవరకే. తొమ్మిది, పది గంటలకు ఎదురుగాలి లేస్తే భుజాలు పట్టేస్తాయి. అందుకే తెల్లవారగానే బయల్దేరాలి. క్యాంపులో ఉండి రోజుకు మూడు గంటలు వెళ్లొచ్చే పద్ధతి ఒకటి, చిరుండు దగ్గర మొదలుపెట్టి ఇసుక తిప్పల మీద గుడారాలేసుకుంటూ మూడు నాలుగు రోజులు పోయేది ఇంకొకటి. ఇంతకుముందు ఎప్పుడూ తెడ్డు పట్టనివాళ్లకు మొదటిదే. చాలాచోట్ల 16 ఏళ్లు నిండనివాళ్లను కానో ఎక్కించుకోరు.

మానా పూల్స్‌కు ఒక ప్రత్యేకత ఉంది. నది ఒడ్డున అనా చెట్లు వానల్లో ఆకు రాల్చి, ఎండల్లో పచ్చగా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాటి కాయలు రాలతాయి. అందని కాయల కోసం కొన్ని మగ ఏనుగులు వెనక కాళ్ల మీద లేచి నిలబడతాయి. ఈ పార్కులో గైడు లేకుండా నడవడానికి కూడా అనుమతి ఉంది. అనుమతి ఉంది కదా అని మాత్రం నడవకండి. ఇక్కడ, ఎదురుగా జాంబియా ఒడ్డున జిరాఫీ కనపడదు. పిల్లలకు జిరాఫీ చూపిస్తామని మాటిచ్చి ఉంటే ముందే జాంబియాలోని లువాంగ్వా పార్కు కలుపుకోండి.

కాలినడక

నడక సఫారీకి పుట్టిల్లు జాంబియాలోని దక్షిణ లువాంగ్వా. నార్మన్ కార్ అనే వన్యప్రాణి అధికారి 1950లో ఎన్సెఫు అనే స్థానిక పెద్దతో కలిసి అక్కడ క్యాంపు మొదలుపెట్టారు. వేటకు కాకుండా చూడ్డానికి వచ్చేవాళ్ల డబ్బు ఊరికి చేరాలన్నది ఏర్పాటు. తర్వాత జనాన్ని నడిపించి చూపించడం ఆయనే అలవాటు చేశారు. ఇవాళ ఆ పార్కులో పని చేసే గైడుల పద్ధతులకు మూలం అక్కడే ఉంది.

మన దేశంలో పులుల అడవుల్లో జీపు దిగనివ్వరు కాబట్టి నడక అంటే మనకు ట్రెక్కింగే తడుతుంది. ఇది ట్రెక్కింగ్ కాదు. ఉదయం ఆరు లోపు బయల్దేరి, మూడు నాలుగు గంటల్లో ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్లు. సగం సమయం నిలబడటంలోనే పోతుంది. ముందు ప్రభుత్వ వన్యప్రాణి శాఖ స్కౌటు తుపాకితో, అతని వెనక గైడు, ఆ వెనక ఆరేడుగురు మించకుండా ఒకరి వెనక ఒకరు, చివర టీ ఫ్లాస్కులు మోసే మనిషి. మాటలుండవు, చేతి సైగలే. గైడు అప్పుడప్పుడూ దుమ్ము రాల్చి గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. వాసన ముందు పోతే జంతువు ఎప్పుడో వెళ్లిపోతుంది.

కనిపించే జంతువుల లెక్కలో నడక జీపుకు దీటు రాదు. ఇది ఏ బ్రోషర్లోనూ రాయరు. జీపును జంతువులు పట్టించుకోవు. రెండు కాళ్ల మనిషి ఆకారం మాత్రం వాటికి వేల ఏళ్లుగా తెలుసు. జీపు నుంచి ఇరవై మీటర్లలో కనిపించే జింక నడకలో వందకు పైగా మీటర్ల దూరంలోనే పరుగందుకుంటుంది. సింహం నడకలో కనిపించడం అదృష్టం, అదీ వెళ్లిపోతున్న వీపే. మరి ఎందుకు నడవాలి? రాత్రి చిరుత ఏ దారిన పోయిందో ఇసుకలో చదవడానికి. ఏనుగు పేడ విప్పి అది ఏ కాయ తిన్నదో చూడటానికి. దున్నల మీద వాలి పురుగులు ఏరుకునే ఆక్స్‌పెకర్ పిట్ట అరుపు వినగానే గైడు ఎందుకు ఆగిపోయాడో, ముందు పొదలో దున్న ఉందని అతనికి ఎలా తెలిసిందో అర్థం కావడానికి. మొదటిసారి ఆఫ్రికా వెళ్తూ నడక మాత్రమే పెట్టుకుంటే నిరాశే మిగులుతుంది. ఉదయం నడక, సాయంత్రం నుంచి రాత్రి దాకా జీపు ఉండే క్యాంపు తీసుకోండి. లువాంగ్వాలో రాత్రి సఫారీకి అనుమతి ఉంది, చిరుతలు ఎక్కువగా కనిపించేది అప్పుడే. బోట్స్వానాలో మొరేమి, చోబే పార్కుల్లో రాత్రి తిరగనివ్వరు, దారి దిగనివ్వరు. అవి కావాలంటే ప్రైవేటు భూముల్లోని క్యాంపులకు పోవాలి, ఖరీదూ అలాగే పెరుగుతుంది.

కాళ్లకు ప్రమాదం సింహంతో కాదు, నేలతో. లువాంగ్వా లోయలో చాలాచోట్ల నల్లరేగడి. వానల్లో ఏనుగులు, హిప్పోలు దిగబడి నడిచిన గుంతలు ఎండాక రాయిలా గట్టిపడి, పైన గడ్డి కప్పుకుని ఉంటాయి. చీలమండ మడతపడేది అక్కడే. చీలమండ దాకా వచ్చే బూట్లు, అవి కూడా ఇంటి దగ్గర నెలరోజులు తొడిగి అలవాటైనవి కావాలి. కొత్త బూట్లతో వెళ్తే రెండో రోజుకే బొబ్బలు, మిగతా నడకలన్నీ క్యాంపులో కూర్చునే చూడాలి. ఈ నల్లరేగడి వల్లే వానల్లో దారులు మూసుకుపోయి, లోపలి బుష్ క్యాంపులు నవంబరు నుంచి మే దాకా ఎత్తేస్తారు.

నడిచే ముందు గైడు చెప్పే నియమాల్లో ఒక్కటి ప్రాణానికి సంబంధించింది: ఏం జరిగినా పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం సింహం స్వభావం. చెవులు విప్పి, ఘీంకరిస్తూ వచ్చే ఏనుగు చాలాసార్లు బెదిరించడానికే వస్తుంది, నిలబడితే ఆగుతుంది. చెవులు వెనక్కి, తొండం లోపలికి ముడుచుకుని చప్పుడు లేకుండా వస్తే వేరే సంగతి. ఏది ఏమిటో తేల్చేది గైడు, మీరు కాదు. మీ పని అతని వెనక గుంపుగా నిలబడటం. ఈ ఒక్క మాట వినలేని మనిషి మీ బృందంలో ఉంటే నడక వద్దు. వయసు, బలం తర్వాతి సంగతి.

డబ్బు విషయానికొస్తే, లువాంగ్వా, జాంబెజీల బుష్ క్యాంపుల్లో మనిషికి రాత్రికి వందల డాలర్లవుతుంది. ఒకావాంగో ప్రైవేటు క్యాంపుల్లో రద్దీ కాలంలో వెయ్యి దాటుతుంది. అంత పెట్టలేనివాళ్లకు దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు ఉంది. అక్కడ 1978లో మొదలైన వైల్డర్‌నెస్ ట్రైళ్లు మూడు రాత్రులవి. ఎనిమిది మంది దాకా, ఇద్దరు తుపాకి గైడులు, మామూలు క్యాంపు, 12 నుంచి 65 ఏళ్ల వాళ్లకు. జాతీయ పార్కుల సంస్థ దగ్గరే నేరుగా బుక్ చేసుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో మనలాగే ఎడమవైపు డ్రైవింగ్ కాబట్టి కారు అద్దెకు తీసుకుని వెళ్లిపోవచ్చు. చిన్న విమానం ఖర్చు తప్పుతుంది. ఇంకా ముడి నడక కావాలంటే క్వాజులు-నటాల్‌లోని ఇంఫొలోజీ. గుడారం కూడా లేకుండా నిప్పు పక్కన పడుకునే నడకలో రాత్రి కాపలా వంతులవారీగా మీరే కాయాలి. ఉగాండాలో గొరిల్లా నడక పూర్తిగా వేరే లెక్క. 800 డాలర్ల పర్మిటు, ఎనిమిది మంది, గొరిల్లాల దగ్గర ఒక గంట, 15 ఏళ్లు నిండాలి. అది బురద కొండ ఎక్కడం, దీన్లో వేయకండి.

మన సెలవులు, వాళ్ల ఋతువులు

వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటివారం దాకా, అక్కడ వానలు అప్పుడే ఆగి గడ్డి ఏపుగా ఉంటుంది. జంతువులు కనిపించడం కష్టం, ధరలు తక్కువ. టాంజానియా దక్షిణం వద్దే వద్దు, ఏప్రిల్, మే అక్కడ పెద్ద వానలు, చాలా క్యాంపులు మూసేస్తారు. ఒకావాంగోకు మాత్రం ఇది మంచి కాలమే. అంగోలా కొండల్లో జనవరి, ఫిబ్రవరుల్లో పడిన వాన నెలల తరబడి నడిచి డెల్టాకు చేరేది ఇప్పుడే. ఆకాశంలో మబ్బు లేకుండా వరద పెరగడం ఇక్కడి వింత. జూన్ నుంచి ఆగస్టు దాకా మొకోరోకు నీళ్లు నిండుగా ఉంటాయి.

దసరా సెలవులకు వీలైతే మరో ఆలోచన వద్దు. సెప్టెంబరు, అక్టోబరు చోబేకు, లువాంగ్వాకు, మానా పూల్స్‌కు అసలైన కాలం. ఎర్రటి కార్మైన్ బీ-ఈటర్ పిట్టలు వందలుగా నది గట్లలో బొరియలు తవ్వేది కూడా అప్పుడే. కష్టం ఎండ. అక్టోబరులో జాంబెజీ లోయ 40 డిగ్రీలు దాటుతుంది. గుంటూరు ఎండ తిన్నవాళ్లకు కొత్త కాదు గానీ ఏసీ లేని గుడారంలో మధ్యాహ్నం నిద్ర పట్టదు. గడ్డి తగలబెట్టిన పొగతో ఆకాశం మసకగానూ ఉంటుంది. డెల్టా అప్పటికి తగ్గుముఖం పడుతుంది, మొకోరో దొరుకుతుందో లేదో క్యాంపునే అడగాలి.

సంక్రాంతి రోజుల్లో జాంబెజీ కానోలు, చాలావరకు లువాంగ్వా నడకలు ఉండవు. పిట్టలకు, పచ్చదనానికి బాగుంటుంది. లువాంగ్వా పొంగి చెట్ల మధ్యకు వచ్చినప్పుడు కొన్ని క్యాంపులు పడవల్లో తిప్పుతాయి. అమెరికా నుంచి జూలై, ఆగస్టుల్లో పిల్లలతో వచ్చే తెలుగువాళ్లకు అన్నీ తెరిచే ఉంటాయి, ధరలూ తారస్థాయిలో ఉంటాయి. ఆ నెలల్లో తెల్లవారుజాము చలి తక్కువేం కాదు. పైకప్పు లేని జీపులో చేతి తొడుగులు, మంకీ క్యాప్ లేకుండా కూర్చోలేరు.

ఎవరికి ఏది

అమ్మానాన్నలు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి చోబే మోటారు పడవ, జతకు విక్టోరియా జలపాతం. వేరే ఏదీ ఆలోచించక్కర్లేదు. మోకాళ్లు బాగున్న, ఇదివరకు ఒకసారి జీపు సఫారీ చేసిన జంటకు లువాంగ్వాలో నాలుగు రాత్రులు, దిగువ జాంబెజీలో మూడు రాత్రులు. రెండూ జాంబియాలోనే కాబట్టి వీసా ఒకటే సరిపోతుంది. 12 దాటి 16 నిండని పిల్లలుంటే నడక దొరుకుతుంది, కానో దొరక్కపోవచ్చు. అప్పుడు జాంబెజీ బదులు కసానే. పిట్టల పిచ్చి ఉంటే జూలైలో ఒకావాంగో, లేదా ఉగాండా. ఎంటెబ్బే దగ్గర మబాంబా చిత్తడిలో చిన్న పడవ మీద షూబిల్ కొంగ కోసం తిరగొచ్చు. కసానే తప్ప, ఏది తీసుకున్నా ఒక్కో చోట మూడు రాత్రులకు తగ్గొద్దు. రెండేసి రాత్రుల చొప్పున నాలుగు చోట్లు పెట్టుకుంటే సగం సెలవు ఎయిర్‌స్ట్రిప్పుల దగ్గరే అయిపోతుంది.

సామాను, సూదులు, తిండి

చిన్న విమానాల్లో మనిషికి 15 నుంచి 20 కిలోలు, చేతిసంచీతో కలిపి. చక్రాల సూట్‌కేసు ఆ డిక్కీలో దూరదు. మెత్తటి బట్ట సంచీ ఉండాలి. పెద్ద పెట్టెలు ఊళ్లో హోటల్లో వదిలేయండి. ఈ విమానాలు పగలే ఎగురుతాయి. హైదరాబాదు నుంచి దుబాయ్ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో మధ్యాహ్నం దిగితే ఆ రోజు క్యాంపు అందదు, లుసాకాలోనో మౌన్‌లోనో ఒక రాత్రి లెక్కలో వేసుకోండి.

బట్టలు ఖాకీ, బూడిద, ఆకుపచ్చ రంగులు. మిలిటరీ మచ్చల డిజైను వద్దు, జాంబియా, జింబాబ్వేల్లో మామూలు జనం వేసుకోవడం నేరం. ముదురు నీలం, నలుపు సెట్సీ ఈగను పిలుస్తాయి. జాంబెజీ, లువాంగ్వా రెండింట్లో అది ఉంది, కుడితే జీన్సు ప్యాంటు కూడా ఆగదు.

మలేరియా మందు తప్పనిసరి. అక్కడి ఫాల్సిపరం రకానికి క్లోరోక్విన్ పనిచేయదు. అటొవాక్వోన్-ప్రొగువానిల్ వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఏడు రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. డాక్సీతో ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, నది మీద తిరిగేవాళ్లు అది గుర్తుంచుకుని డాక్టరుతో మాట్లాడండి. ఎల్లో ఫీవర్ టీకా ఉగాండా వెళ్లడానికి కావాలి. కెన్యా, ఇథియోపియా లాంటి దేశాల్లో దిగి ఊళ్లోకి వెళ్లినా తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. టీకా వేసిన పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుబాటవుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. 60 దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టరును అడగాలి.

శాకాహారం సమస్య కాదు, బుకింగ్ రోజే రాసిస్తే. క్యాంపుకు సరుకులు వారానికోసారి వస్తాయి, వెళ్లాక చెబితే పాస్తా, బంగాళాదుంపే గతి. కందిపొడి, ఊరగాయ చిన్న ప్యాకెట్లు తీసుకెళ్లండి. నూనె కారకుండా సీలు వేయించండి, బట్ట సంచీలో పగిలితే ఆ వాసన నడకలో మీకంటే ముందు పోతుంది. నెయ్యి, పాల పదార్థాలు కొన్ని సరిహద్దుల్లో పట్టేస్తారు. డాలరు నోట్లు కొత్తవి ఉండాలి. చిరిగినవి, బాగా పాత ముద్రణవి తీసుకోరు.

డబ్బు కట్టే ముందు

ఏజెంటును కొన్ని అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి. నడిపించే గైడుకు నడక లైసెన్సు ఉందా, జింబాబ్వే అయితే పూర్తి ప్రొఫెషనల్ గైడా, లర్నరా? అక్కడ పూర్తి లైసెన్సుకు ఏళ్ల తరబడి శిక్షణ, కాల్పుల పరీక్ష ఉంటాయి. లర్నర్ ఒంటరిగా నడక తీసుకెళ్లకూడదు. నడకలో గుంపు ఎంతమంది? పడవ మాకే విడిగానా, పంచుకోవాలా? పార్కు ఫీజులు, ఎయిర్‌స్ట్రిప్ రాకపోకలు ధరలో ఉన్నాయా? మన వైపు టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే పన్ను) ఎంత కోస్తారు? ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో హెలికాప్టరు లేదా విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందా, కానో, నడక "సాహస క్రీడ" కింద మినహాయించారా? కొన్ని పాలసీల్లో ఆ మినహాయింపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. వీసా నిబంధనలు మారుతుంటాయి, ఏజెంటు మాట కాకుండా ఆ దేశం రాయబార కార్యాలయం సైటులో చూసుకోండి.

బుష్ క్యాంపుల్లో ఉండేవి మూడు నాలుగు గుడారాలే. దసరాకు వెళ్లాలనుకుంటే అంతకుముందు దసరా నాటికే అడ్వాన్సు కట్టాలి. ఆలస్యమైతే జూన్ మూడో వారం చూడండి. అప్పటికి లువాంగ్వాలో క్యాంపులు తెరిచి ఉంటాయి, గడ్డి తగ్గుతూ ఉంటుంది, రద్దీ ధరలు చాలాచోట్ల ఇంకా మొదలై ఉండవు. బడి మొదటి రెండు వారాలు పోతాయి, దానికి టీచరుతో మాట్లాడుకోవాల్సిందే.